జీతాల లెక్క నుంచి మామిడి సీజను కూలీల దాకా: కొత్త కార్మిక చట్టాలపై యజమానుల ప్రశ్నలు, జవాబులు

2025 నవంబర్ 21న 29 పాత కార్మిక చట్టాలు పోయి నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 2019 నాటి వేతనాల కోడ్ ఒకటి. మిగతా మూడు 2020 నాటివి: పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత–ఆరోగ్యం–పని పరిస్థితుల కోడ్. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చిన్న, మధ్యతరహా యజమానులు పంపిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. లాడ్జీలు, దుకాణాలు, గుజ్జు ఫ్యాక్టరీల వంటి వాటికి నియమాలు రాసేది రాష్ట్ర ప్రభుత్వమే. కొత్త నియమాలు రాని చోట, కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు పాత నియమాలు, పాత రిజిస్టర్లు నడుస్తాయి. 'రూల్స్ రాలేదు కాబట్టి ఇంకా ఏమీ మారలేదు' అనుకుంటే పొరపాటు.

ప్రశ్న: మాది బస్టాండు దగ్గర లాడ్జి, కింద భోజనశాల. మొత్తం 24 మంది. మేనేజరుకు నెలకు 30,000 ఇస్తున్నాం. అందులో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 13,000, ఇంటద్దె అలవెన్సు 9,000, రవాణా 5,000, రూముల బుకింగ్ మీద కమిషన్ 3,000. బేసిక్ సగం ఉండాలని ఆడిటర్ అంటున్నారు. జీతం పెంచాలా? రూమ్ బాయ్‌లకు కూడా ఇదే లెక్కా? – లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: జీతం పెంచాలని చట్టం అనలేదు. పీఎఫ్ (భవిష్య నిధి), గ్రాట్యుటీ (పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము), బోనస్ లాంటివాటికి 'వేతనం' అని దేన్ని లెక్కించాలో చెప్పింది. ఇంటద్దె, రవాణా, కమిషన్, ఓవర్‌టైమ్, యజమాని కట్టే పీఎఫ్ వాటా వంటివి వేతనంలోకి రావు. కానీ ఇలా పక్కన పెట్టినవన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన మేరకు మళ్లీ వేతనంలో కలపాలి.

మీ మేనేజరు విషయంలో పక్కన పెట్టినవి 17,000. మొత్తంలో సగం 15,000. ఎక్కువైన 2,000ను 13,000కు కలిపితే వేతనం 15,000 అవుతుంది. 13,000 మీద పీఎఫ్ కడుతూ వచ్చి ఉంటే 12 శాతం చొప్పున 1,560 అయ్యేది, ఇప్పుడు 1,800 అవుతుంది. మీ వాటాలో 240, ఆయన వాటాలో 240 పెరుగుతాయి. 15,000 పరిమితి మీదే పీఎఫ్ కడుతున్నవాళ్లకు చేతికొచ్చే జీతం తగ్గదని కేంద్ర కార్మిక శాఖ వివరణ ఇచ్చింది.

అసలు తేడా కనబడేది గ్రాట్యుటీలో. చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. ఎనిమిదేళ్ల సర్వీసుకు 13,000 మీద 60,000 వస్తే, 15,000 మీద 69,231 వస్తుంది. చివరి వేతనమే కొలమానం కాబట్టి పాత ఏళ్లకూ కొత్త వేతనమే వర్తిస్తుంది. పాత పద్ధతిలో గ్రాట్యుటీ కోసం తీసిపెట్టిన సొమ్ము చాలకపోవచ్చు. ఈ సంవత్సరం లెక్కలు ముగించే ముందే ఆడిటరుతో కూర్చుని సరిచూసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. జీతం చీటీలో 'స్పెషల్ అలవెన్సు' అని ఒక పెద్ద అంకె వేసి, అది వేతనం కిందికి రాదనుకుంటారు. మినహాయింపుల జాబితాలో ఆ పేరే లేదు. జాబితాలో లేని అలవెన్సు ఏదైనా మొదటి నుంచే వేతనం.

రూమ్ బాయ్‌లు, సప్లయర్లు, వంటవాళ్ల దగ్గర ఈ సగం లెక్క కన్నా ముందు చూడాల్సింది కనీస వేతనం. బేసిక్, డీఏ కలిపి రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు. బేసిక్ తక్కువ వేసి ఇంటద్దె అలవెన్సుతో ఆ లోటు పూడ్చామంటే చెల్లదు. డీఏ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. ఆ రెండు నెలల్లో జీతాల పట్టిక సరిచూడకపోవడం వల్లే ఎక్కువ బకాయిలు పేరుకుంటాయి. వేతనంలో కొంత భాగానికి బదులు భోజనం పెడుతున్నట్లయితే దాని విలువను మొత్తం వేతనంలో 15 శాతం మించకుండా మాత్రమే వేతనంగా చూపవచ్చు. పడుకోవడానికి ఇచ్చిన గది, కరెంటు, నీళ్ల విలువ వేతనం కాదు. 'తిండీ, పడకా మాదే కదా' అని జీతం తగ్గించడానికి వీల్లేదు.

ప్రశ్న: వంటమాస్టరు సోమవారం వచ్చి మానేస్తానన్నాడు. అతని దగ్గర 20,000 అడ్వాన్స్ బాకీ ఉంది. రెండు రోజుల్లో లెక్క తేల్చాలని అంటున్నారు. నెలాఖరు దాకా ఆగితే ఏమవుతుంది? – హోటల్ యజమాని, శ్రీకాళహస్తి

జవాబు: ఆగకూడదు. తీసేసినా, తనంతట తాను మానేసినా, సంస్థ మూసేసినా రెండు పనిదినాల్లో వేతన బకాయి చెల్లించాలి. సోమవారమే పని నుంచి తప్పుకుంటే బుధవారం లోపు. నోటీసు ఇచ్చి ఇంకో పదిహేను రోజులు పనిచేస్తే ఆ చివరి రోజు నుంచి లెక్క. మిగిలిన సెలవుల సొమ్ము కూడా ఇదే గడువులో ఇవ్వాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువుంది.

అడ్వాన్స్ పట్టుకోవచ్చు. అయితే అన్ని కోతలూ కలిపి ఆ వేతనకాలపు వేతనంలో సగం దాటకూడదు. రావాల్సింది 18,000 అయితే 9,000 వరకే కోయగలరు. మిగతా 11,000 ఆయన రాసిచ్చిన ఒప్పుకోలు ఆధారంగా విడిగా వసూలు చేసుకోవాల్సిందే. అందుకే పెద్ద అడ్వాన్సులు ఇచ్చి మనిషిని కట్టిపడేసే పద్ధతి యజమానికే నష్టం. అడ్వాన్స్ ఇచ్చిన రోజే తేదీ, మొత్తం, నెలకు ఎంత కోత అన్నది తెలుగులో రాసి సంతకం తీసుకోండి. ప్రతి నెలా మిగిలిన బాకీని జీతం చీటీలో చూపండి.

గ్లాసులు పగిలాయి, సరుకు తగ్గింది అని చివరి రోజు కోతలు పెట్టడం మరో తప్పు. అతనికి అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, ముందుగా అతని సంజాయిషీ వినాలి. జరిమానాలు ఎన్ని వేసినా ఆ వేతనకాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు.

మాట చెప్పకుండా వెళ్లిపోయిన వాళ్ల సంగతి వేరు. గైర్హాజరు రాజీనామా కాదు. ఫలానా తేదీ నుంచి రావడం లేదని, ఫలానా తేదీలోపు వచ్చి చేరాలని అతని చిరునామాకు స్పీడ్ పోస్టులో, ఫోనుకు వాట్సాప్‌లో పంపి, రెండింటి రుజువూ దాచండి. చేసిన రోజుల జీతం మాత్రం మరుసటి నెల 7వ తేదీ లోపు అతని ఖాతాలో వేయాల్సిందే. మనిషి కనబడకపోవడం దానికి సాకు కాదు.

ప్రశ్న: జీతాలు చేతికే ఇస్తాం. నోట్‌బుక్కులో రాసుకుంటాం. బ్యాంకు ద్వారానే ఇవ్వాలా? – ఫ్యాన్సీ, గాజుల దుకాణం, తిరుపతి

జవాబు: నగదు ఇవ్వడాన్ని వేతనాల కోడ్ మొత్తంగా నిషేధించలేదు. ప్రభుత్వం ప్రకటించిన సంస్థలకు మాత్రం బ్యాంకు లేదా చెక్కు తప్పనిసరి కావచ్చు. మా సలహా మాత్రం గట్టిగా బ్యాంకే. ఎందుకంటే మీ దగ్గర పనిచేసే మనిషి 'నాకు జీతం అందలేదు' అని క్లెయిము వేస్తే, ఇచ్చామని రుజువు చేయాల్సిన బాధ్యత కోడ్ ప్రకారం యజమానిదే. క్లెయిము వేయడానికి గడువు మూడేళ్లు. బకాయి నిజమని తేలితే దానితో పాటు పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. సంతకాలు లేని నోట్‌బుక్కు ఆ రోజు మిమ్మల్ని కాపాడదు.

జీతం చీటీ ఇవ్వడం కూడా తప్పనిసరి. పని చేసిన రోజులు, బేసిక్, డీఏ, ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు, కోతలు, చేతికిచ్చింది – ఈ మాత్రం ఉన్న సగం కాగితం చాలు. ఒకటి వాళ్లకు, సంతకంతో ఒకటి మీకు.

ప్రశ్న: మాది తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ. ఏడాది పొడవునా ఉండేది 18 మందే. సీజనులో కాయ కడగడానికి, తొక్క తీయడానికి, కోయడానికి, డ్రమ్ములు ఎక్కించడానికి మేస్త్రీ ద్వారా 60 మంది వస్తారు. సుమారు 80 రోజుల పని. వీళ్లకు గ్రాట్యుటీ, బోనస్ ఇవ్వాలా? మేస్త్రీకి లైసెన్సు కావాలా? – గుజ్జు ఫ్యాక్టరీ భాగస్వామి, బంగారుపాళ్యం

జవాబు: చిత్తూరు మామిడి పరిశ్రమలో ప్రతి ఒక్కరూ ఆలోచించాల్సిన ప్రశ్న ఇది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లైసెన్సు. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇప్పుడు 50 మంది నుంచి వర్తిస్తాయి. మీ దగ్గరికి 60 మంది వస్తున్నారు కాబట్టి మేస్త్రీకి లైసెన్సు ఉండాలి. సీజను మొదలయ్యే ముందే దాని నకలు మీ ఫైల్లో ఉండాలి. 60 మందిని ఇద్దరు మేస్త్రీల పేర ముప్పై ముప్పైగా విడగొడితే తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. సంస్థలో ఉన్న మొత్తం కాంట్రాక్టు కార్మికులను కూడా చూస్తారు కాబట్టి ఆ ఉపాయం పారదు.

రెండోది, సంస్థ ముఖ్య పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని పని పరిస్థితుల కోడ్ అంటుంది. ఎత్తడం దించడం, శుభ్రత, క్యాంటీన్, కాపలా మామూలుగా ముఖ్య పని కిందికి రావు. కాయ కోయడం, గుజ్జు తీయడం మాత్రం మీకు ముఖ్య పనే. అయితే ముఖ్య పనిలోనే ఒక్కసారిగా పని పెరిగి, నిర్ణీత గడువులో పూర్తి చేయాల్సి వస్తే మినహాయింపు ఉంది. కాయ పండాక ఆగదు కాబట్టి సీజను పనికి ఈ మినహాయింపు అడగడానికి మీకు బలమైన కారణమే ఉంది. దాన్ని కాగితం మీద చూపగలగాలి: రోజువారీ కాయ దిగుమతి లెక్క, సీజను మొదలైన తేదీ, ముగిసిన తేదీ, మేస్త్రీతో ఒప్పందంలో అవే తేదీలు. అవే మనుషులు మేస్త్రీ పేరు మీద డిసెంబర్‌లో కూడా ప్యాకింగులో కనబడితే ఆ వాదన నిలవదు.

గ్రాట్యుటీ విషయంలో, సీజనులో మాత్రమే పనిచేసేవారికి సీజనుకు ఏడు రోజుల వేతనం చొప్పున లెక్క. సంస్థ నడిచిన రోజుల్లో 75 శాతం పనిచేస్తేనే ఆ సంవత్సరం సర్వీసుగా లెక్కకు వస్తుంది. 80 రోజులు నడిస్తే 60 రోజులు. అలాంటివి ఐదేళ్లు నిండాలి. కాబట్టి ఏటా వచ్చే అదే మనిషి పేరు, ఆధార్, పని రోజులు సీజను సీజనుకూ భద్రపరచండి. మేస్త్రీ మారినప్పుడల్లా మస్టరు (హాజరు పట్టీ) మాయమవడం ఈ పరిశ్రమలో పెద్ద జబ్బు. ఎనిమిది సీజన్లు చేసిన ఆడమనిషికి రావాల్సిన సొమ్ము అక్కడే పోతోంది.

ఫిక్స్‌డ్ టర్మ్ అంటే వేరు. బాయిలర్ ఆపరేటరునో, ల్యాబులో పరీక్షలు చేసే మనిషినో నేరుగా మీరే ఏడాది ఒప్పందం మీద తీసుకుంటే, ఐదేళ్లు ఆగకుండానే ఏడాదికి గ్రాట్యుటీ ఇవ్వాలి. వేతనం 18,200 అయితే 10,500. పర్మినెంటు వాళ్లకున్న వేతనం, సెలవులు, ఇతర సౌకర్యాలు వీళ్లకూ సమానంగా ఉండాలి.

బోనస్ సంగతి: 20 మంది, ఆపైన ఉన్న సంస్థలో, నిర్ణీత వేతన పరిమితి లోపు జీతం ఉండి, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన వారికి హక్కుంది. సీజనులో 30,000 సంపాదించిన మనిషికి 8.33 శాతం అంటే 2,499. లెక్కల సంవత్సరం మార్చితో ముగిస్తే నవంబర్ నెలాఖరు లోపు ఇచ్చేయాలి. మేస్త్రీ ఇవ్వకపోతే ఆ భారం ఫ్యాక్టరీ మీద పడుతుంది. జీతానికీ ఇదే సూత్రం. అందుకే మేస్త్రీకి మొత్తం బిల్లు ఒకేసారి ఇవ్వకండి. గత వారం బట్వాడా జరిగినట్లు సంతకాలో, బ్యాంకు జాబితానో చూసాకే తర్వాతి బిల్లు ఇవ్వండి. తాగునీళ్లు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స వంటి సౌకర్యాలు మేస్త్రీ పని కాదు, నేరుగా మీ బాధ్యత.

ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) దగ్గర ఒక హెచ్చరిక. సీజనల్ ఫ్యాక్టరీకి మినహాయింపు ఉందని విని 'మాదీ సీజనే కదా' అనుకోవద్దు. ఆ మాటకు చట్టంలో ప్రత్యేక నిర్వచనం ఉంది. పత్తి జిన్నింగ్, కాఫీ, టీ, చక్కెర, బెల్లం, లక్క వంటి పనుల పేర్లు అందులో ఉన్నాయి. మామిడి గుజ్జు పేరు లేదు. ప్రభుత్వ ప్రకటన చూపించగలిగితే తప్ప కట్టాల్సిందే.

ప్రశ్న: మరమగ్గాలు 16, మనుషులు 12 మంది. మాది ఇంకా ఫ్యాక్టరీయేనా? కూలీ మీటర్ల లెక్కన ఇస్తాం. – నగరి

జవాబు: కరెంటు వాడే చోట 20 మంది, వాడని చోట 40 మంది ఉంటేనే ఇప్పుడు ఫ్యాక్టరీ. పాత పరిమితులు 10, 20. అంటే మీది ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి బయటపడింది. కానీ 10 మంది, ఆపైన ఉన్న సంస్థగా పని పరిస్థితుల కోడ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ, ప్రసూతి ప్రయోజనం వర్తిస్తూనే ఉంటాయి. బెల్టులకు రక్షణ కవచం, వైరింగు భద్రత విషయంలో ఏమాత్రం సడలింపు లేదు.

మీటరు లెక్క కూలీకీ కనీస వేతనం వర్తిస్తుంది. వారం బట్వాడా అయితే వారపు సెలవుకు ముందు రోజే, అంటే వారంలో చివరి పనిరోజునే చెల్లించాలి. గ్రాట్యుటీకి చివరి మూడు నెలల సంపాదన సగటు తీస్తారు. మీటర్ల పుస్తకం చింపేయకండి.

ప్రశ్న: మా చిన్న ఎలక్ట్రానిక్ యూనిట్లో ఆడపిల్లలను రాత్రి షిఫ్టుకు పెట్టవచ్చా? బట్టల దుకాణం కూడా ఉంది. అక్కడ 10 గంటల పని చట్టమైందని, ఓటీ ఇవ్వక్కర్లేదని విన్నాం. – రేణిగుంట

జవాబు: రాత్రి 7 తర్వాత, ఉదయం 6కు ముందు పనికి వారి సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి ఎవరికి వారు, విడి కాగితం మీద రాసివ్వాలి. చేరేటప్పుడు నియామక పత్రంలో ఒక వాక్యం ఇరికించి సంతకం చేయించుకుంటే అది సమ్మతి కాదు. వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోవాలి, పని పోతుందన్న భయం ఉండకూడదు. ఇంటి గుమ్మం దాకా వాహనం, వెలుతురు, కాపలా, పని దగ్గరే మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలి. చంద్రగిరి, ఏర్పేడు వైపు ఊళ్లకు మెయిన్ రోడ్డు మీద దించి వెళ్లిపోతే ఏర్పాటు చేసినట్లు కాదు.

దుకాణం సంగతి మీరు సగమే విన్నారు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టానికి 2025లో చేసిన సవరణతో రోజు పరిమితి 8 నుంచి 10 గంటలకు పెరిగింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. రోజూ 10 గంటలు చేయిస్తే ఆరు రోజులకు 60 గంటలు. అందులో 12 గంటలు ఓటీ. ఓటీకి రెట్టింపు రేటు. నెల వేతనం 15,600 అయితే 26 రోజులతో రోజుకు 600, గంటకు 75, ఓటీ గంటకు 150. అంటే ఆ వారానికి 1,800 అదనం. పండగల ముందు, పెళ్లిళ్ల సీజనులో ఈ లెక్క ముందే వేసుకుని, ఓటీ బదులు ఇద్దరు అదనపు మనుషులు చవకేమో చూసుకోండి. చాలా దుకాణాలకు అదే చవక.

ప్రశ్న: మా దగ్గర 9 మందే. నియామక పత్రాలు ఇవ్వాలా? – గాంధీరోడ్డు, తిరుపతి

జవాబు: నియామక పత్రాలు ఇవ్వాలని చెప్పే పని పరిస్థితుల కోడ్ 10 మంది నుంచి వర్తిస్తుంది. అయినా ఇవ్వండి. పదో మనిషి చేరిన రోజు వెతుక్కునే బదులు ఇప్పుడే ఒక పేజీ నమూనా తయారు చేసుకోండి: పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, హోదా, పని స్వభావం, బేసిక్, డీఏ, అలవెన్సులు విడివిడిగా, వారపు సెలవు, ఉంటే పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు. తెలుగులో ఉండాలి. చదవలేని భాషలో సంతకం పెట్టించడం రేపు మీకే ఎదురు తిరుగుతుంది. పాతవాళ్లకు కూడా వాళ్లు నిజంగా చేరిన తేదీతోనే ఇవ్వండి. ఈ రోజు తేదీ వేసి పదేళ్ల సర్వీసు చెరిపేయడం మోసం.

ప్రశ్న: డ్యూటీకి బైకు మీద వస్తూ మా మనిషి దారిలో పడి కాలు విరిగింది. మాకేం సంబంధం? – చిత్తూరు

జవాబు: సంబంధం ఉంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం, సమయం, చోటు, పరిస్థితులు పనితో ముడిపడి ఉంటే, పనిలో జరిగిన ప్రమాదంగానే చూస్తారు. అతనికి ఈఎస్ఐ ఉంటే ఈఎస్ఐ సంస్థే చూసుకుంటుంది. లేకపోతే పరిహారం మీరివ్వాలి. 10 మంది ఉండి ఈఎస్ఐలో చేర్చకపోతే నష్టం ఎంతో ఇక్కడ అర్థమవుతుంది. 16,000 వేతనానికి మీ వాటా 3.25 శాతం చొప్పున 520, అతనిది 0.75 శాతం చొప్పున 120. మరుసటి నెల 15 లోపు కట్టాలి. ప్రమాదం జరిగాక పేరు నమోదు చేసి పాత తేదీ వేసే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి.

ప్రశ్న: తనిఖీకి వస్తే వెంటనే కేసు పెడతారా? – పుత్తూరు

జవాబు: వేతనాల కోడ్ కింద అయితే ముందు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి, సరిదిద్దుకోవడానికి గడువు ఇస్తారు. గడువులో సరిచేస్తే కేసు ఉండదు. అదే తప్పు ఐదేళ్లలోపు మళ్లీ చేస్తే ఆ అవకాశం పోతుంది. తక్కువ వేతనం ఇచ్చినందుకు మొదటిసారి 50,000 వరకు జరిమానా. ఐదేళ్లలో రెండోసారి అయితే మూడు నెలల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఆదేశం కాగితం అందిన రోజే దాని మీద తేదీ వేసి సంతకం చేయండి, బకాయి బ్యాంకు ద్వారా కట్టి, ఆ రుజువుతో గడువులోపు జవాబు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.